పండ్ల పేర్లు

విదేశములు చూచి వచ్చినవారు మేడలను గూర్చియు, వంతెనలను గూర్చియు చెప్పుదురు. మా కుటుంబము మలేషియా పోయి వచ్చినప్పుడు పిల్లల మనసున నిలిచినవి పండ్ల అంగళ్లు.

కౌలాలంపూరు సంతలో మా అమ్మాయి ప్రతి పండునకును పేరడిగి చిన్న పుస్తకములో వ్రాసికొన్నది. మలయు భాషలో 'రంబుట్' అనగా వెండ్రుక. తోలునిండ వెండ్రుకలవంటివి మొలచియుండుటచే ఆ పండు రంబుటాను. 'దురి' అనగా ముల్లు, ముండ్లకాయ దురియాను. దాని వాసన ఎంతటిదనగా సింగపూరు మెట్రో రైళ్లలో దానిని తీసికొనిపోరాదు. (అవ్వ ముక్కు మూసికొని ఒక తొన తిని, రెండవది అడిగినది!) జామపండును చూపగా అంగడివాడు 'జంబు బాటు' అనెను, మన జామకు అది చెల్లెలివలె వినబడినది. మామిడిపండును 'మెంపెలం' అందురు. తమిళుల మాంపళము ఓడలెక్కి పోయి అట్లు మారినది. మంగుస్తానును అక్కడ అపురూపముగా తింటిమి గాని, ఋతువు వచ్చినప్పుడు అది మన కుర్తాళములోనే దొరకునని తరువాత తెలిసి నవ్వుకొంటిమి.

నవ్వు అంతటితో ఆగినది. తిరిగి వచ్చిన వారమున కోవిల్‌పట్టి బజారులో తాటిముంజలు కొంటిమి. "దీనిని తెలుగున ఏమందురు?" అని అడుగగా అమ్మాయి "నుంగు" అన్నది. పరదేశపు పేర్లను అర్థములతో సహా నేర్చిన బిడ్డకు, తన చేనిగట్టున నిలిచిన చెట్టు కాయ పేరు ఇంటిభాషలో తెలియదు. తప్పు బిడ్డది కాదు. ఆమె యెదుట మేమే 'నుంగు' అందుము.

తమిళముపై నాకు కినుక లేదు. 2006 నాటి చట్టమున అది మన బడులలో నిర్బంధపాఠమైనది. ఈ గడ్డపై బ్రతుకువారికది కావలసినదే. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలైమిఠాయిని, విరుదునగరపు నూనెపరోటాను వేరు పేర్లతో పిలువుమనుట వెర్రి. పుట్టినచోటి పేరే వాటికి అందము. కాని ముంజ, రేగు, నేరేడు అనునవి మన పెద్దలు ఈ నల్లరేగడికి వచ్చినప్పుడు నోట తెచ్చుకొన్న మాటలు. ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఈ కరిసల్ నేల తమిళ పలుకులను ఏరి నిఘంటువు కూర్చిరి. మన ఇండ్ల తెలుగు పలుకులను ఏరువారెవరు? ప్రభుత్వమును అడుగుటకు ముందు వంటింటిని అడుగవలెనని నా అభిప్రాయము. బడిలో తెలుగు పాఠముల గంటలు తగ్గవచ్చును. అవ్వ యొద్ద కూర్చుండుటకు కాలపట్టిక అక్కరలేదు.

అమ్మాయి పుస్తకములో మిగిలిన పుటలు ఇప్పుడట్లే నిండుచున్నవి. చేలగట్ల ముండ్లపొదలలో కాయు ఒక పసుపుపచ్చ పండును తమిళమున 'కారై' అందురు. దాని తెలుగు పేరు అవ్వకు వెంటనే తోచలేదు. మూడవనాటి సాయంకాలము, బియ్యము చెరుగుచు, ఉన్నట్టుండి "బలుసు" అన్నది.