బాగు చేయించాలా, కొత్తది కొనాలా: తేల్చేదెవరు?

ఇందల్వాయిలో ఒక ఇంట్లో బట్టలుతికే మిషన్ ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ వెనక రేకైనా విప్పకుండా "పార్టు దొరకది, కొత్తది కొనుక్కోండ్రి" అన్నాడు. ఇంటాయన "పసుపు అమ్మినంక చూద్దాం" అన్నాడు. అప్పటిదాకా ఉతికేదెవరు? ఆ ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు.

ఆ ఇల్లాలు బీడీలు చుడుతుంది. వెయ్యి బీడీలకింత అని కూలి. బండ దగ్గర గడిచిన ప్రతి గంటా ఆ కూలిలో కోతే. కొత్త మిషన్ ధర, రిపేరు ఖర్చు లెక్కేసిన కాగితంలో ఈ కోత ఎక్కడుంది? 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి చాకిరీకి, అది చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. మిషన్ చెడితే ఏ అంకె పెరుగుతుందో చెప్పాలా?

మోటారు మూలుగుతున్నా డ్రమ్ము తిరగకపోతే బెల్టో కెపాసిటరో పోయి ఉండవచ్చు. అవి చౌక సామాన్లే. విప్పి చూపమనండి, ఏం చెడిందో రాసిమ్మనండి. డ్రమ్ము తుప్పుపట్టి చిల్లుపడితే కొత్తదే కొనాలి, పాతదాన్ని పట్టుకు వేలాడమని మేమనడం లేదు. వారంటీలో ఉన్నా బాగుచేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మన జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి రుసుము లేదు. బిల్లు మాత్రం మీ పేరున రాయించుకోండి. (ఉతికేది మనం, బిల్లు ఆయన పేరున!)

తేలేదాకా ఆయన చొక్కాలు ఆయననే ఉతుక్కోమనండి. పసుపు అమ్మకముందే మెకానిక్ మళ్లీ వస్తాడు.