మన్యమున వేసవి లెక్క

అడంగలులో పేరెక్కని పైరునకు పరిహారము లేదని మన భూస్వాములకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పొలమునకు చెల్లుచున్న ఈ న్యాయమే అడవికిని చెల్లుచున్నది. మన్యమున గని త్రవ్వవలెనన్నను, జలాశయము కట్టవలెనన్నను, అచ్చటి జంతువులయొక్కయు పక్షులయొక్కయు పట్టికను ముందుగా పరిశీలింతురు. పట్టికలో కానరాని ప్రాణి అడవిలోను లేనట్లే యెంచబడును. కావున అరకులోయయందును అనంతగిరి కొండలయందును వేసవి ప్రాణికోటిని చూచి, లెక్కించి, వ్రాసియుంచుట కొందఱు పట్టణవాసుల వినోదముగా భావింపరాదనియు, అది దేశమునకు దస్తావేజువంటిదనియు మా యభిప్రాయము.

వేసవియే యేల యని కొందఱడుగవచ్చును. అరకునకు యాత్రికులు కార్తికము మొదలు మాఘమువఱకు వత్తురు. పక్షులను చూడబోవువారును మంచు కురియు ఆ దినములనే కోరుట సహజము. కాని ఆ కాలమున అడవిలో ఉత్తరదేశములనుండి వచ్చిన అతిథిపక్షులు పెక్కులుండును. ఎండలు ముదురునప్పటికి అవి తరలిపోవును. ఇచ్చట పుట్టి ఇచ్చట పెరుగు పక్షులలో పెక్కింటికి గూడు కట్టుకాలము ఫాల్గుణము మొదలు ఆషాఢమువఱకు నుండును. కనబడిన పక్షి బాటసారి కావచ్చును. గూడు కట్టిన పక్షి ఆ యూరి కాపు. చలికాలమును దక్షిణమునను సింహళమునను గడిపిన పొన్నంకి పిట్ట గూడు కట్టుటకై ఉత్తరముగా మరలునదియు వేసవిలోనే. ఇక మృగముల సంగతి. వాగులు చిక్కిపోయి మడుగులుగా మిగిలినప్పుడు కణుజు, కొండగొర్రె, ఎలుగు అన్నియు ఆ కొలది నీటికే చేరవలయును. ఒడ్డునగల బురదయే వాని హాజరుపట్టీ.

గత వైశాఖమున మేము సుంకరిమెట్ట రిజర్వు అడవిని చూచితిమి. మాతో వచ్చిన కొండదొర యువకుడు చెట్టుకొనపైనున్న పుల్లలకుప్పను చూపి అది బెట్లుడుత గూడనియు, పండిన పనసక్రింద నేలను చూపి రాత్రి ఎలుగు వచ్చినదనియు చెప్పెను. మా చేతనున్న పుస్తకమున ఆ జంతువుల చిత్తరువులు కలవు. అవి ఏ చెట్టునకు ఏ నెలలో వచ్చునో ఆ పుస్తకమున లేదు. ఆ యువకుని జ్ఞానము ఏ దస్త్రమునను ఎక్కలేదు.

ఈ కొండలలో పరిశోధన జరుగలేదనుట సత్యము కాదు. వర్నే అను ధనికుని సాహాయ్యమున 1929 మొదలు తూర్పుకనుమల పక్షుల పరిశీలన జరిగెను. దాని ఫలితములను విజ్లరు, కిన్నియరు అనువారలు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వరుసగా ప్రకటించిరి. పిమ్మట విశాఖపట్టణపు పక్షిశాస్త్రజ్ఞుడగు కె. ఎస్. ఆర్. కృష్ణరాజు గారు ఈ కనుమలలో విశేషముగా కృషి సల్పిరి. ఈశాన్య భారతమునందును, దానికావలి దేశములందును వసించు ఒక చిన్న పొదపిట్టకు విశాఖ కనుమలలో వేఱుపడిన శాఖ యున్నదని తేలగా, రిప్లే, బీలరు పండితులు 1985లో దానికి కృష్ణరాజు గారి పేరిట శాస్త్రనామ మొసగిరి. వందలాది క్రోసుల ఎడముతో తనవారికి దూరమై ఈ తడియడవులలో మిగిలిన ఆ పిట్ట, ఈ కొండల పూర్వచరిత్రకు సజీవమైన శాసనము. మన శాసనములకు తెలుగున సంపుటములు కలవు. ఈ శాసనమును మాత్రము ఆంగ్లమున చదువవలసివచ్చుచున్నది.

పండితులొక్కరే చాలరనుటకు కలివికోడియే సాక్ష్యము. 1900 తరువాత ఎవ్వరికిని కానరాక నశించినదని తలచిన ఆ పక్షి, 1986 జనవరిలో కడపజిల్లా లంకమల అడవులలో మరల దొరకెను. రాత్రివేళ దానిని పట్టి చూపినవాడు స్థానికుడగు వేటకాడు.

వేటకాండ్రను నమ్ముటెట్లని ఆక్షేపించువారు కలరు. చైత్రపర్వమున అరకు ప్రాంతపు గిరిజనులు గుంపులుగా వేటకు వెడలు ఆచారము కలదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము వేటను నిషేధించుచున్నది. పోడునకై వేసవిలో పెట్టు నిప్పు గూళ్లను కాల్చుననుటయు నిజమే. ఈ నష్టమును మేము దాచము. కాని 1882 నాటి మద్రాసు అటవీచట్టము వారి కొండలలో వారినే అపరాధులుగా చేసెననియు, ఆ కసియే 1922లో మన్యమున అల్లూరి సీతారామరాజు వెంట విల్లంబులు పట్టించెననియు మఱువరాదు. దండనచే ఎవనిని కావలివానిగా చేయజాలము. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిని కాపాడు అధికారమును గ్రామసభల కొసగినది. ఊరూర జీవవైవిధ్య దస్త్రము నుంచవలెనని 2002 నాటి చట్టము విధించినది. దారి కలదు, నడచుటయే మిగిలినది.

కాగితమునకుగల బలము ఈ కొండలకు కొత్తది కాదు. బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లపై సమత సంస్థ సాగించిన వ్యాజ్యమున, 1997 జులైలో సుప్రీముకోర్టు షెడ్యూలు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనులకై కౌలునకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పెను. నాడు భూమికి చట్టము అండగా నిలిచెను. రేపు గూటికి, మడుగునకు, ఎలుగు నడచు బాటకు అండయేది? ఏటేట వ్రాసిన లెక్కయే.

కావున అల్లూరి సీతారామరాజు జిల్లా యధికారులకును విద్యావంతులకును మేము విన్నవించునది యిది. మొదటిది, ప్రతి వేసవి ఒకే బాటను, ఒకే తిథులలో, ఒకే వేళను నడచి లెక్క వ్రాయవలెను. చూచినదానినేగాక నిరుడు కనబడి యీయేడు కనబడనిదానినిగూడ వ్రాయవలెను. రెండవది, బగత, కొండదొర, కోటియ, పోర్జ యువకులకు ఈ పనికి దినకూలి యీయవలెను. ఉచితసేవ యని వారి పగలును అపహరింపరాదు. మూడవది, వారు పిలుచు పేరు, తెలుగు పేరు, శాస్త్రనామము మూడును తెలుగులిపిలో నుండవలెను. నాల్గవది, మూలప్రతి గ్రామసభయొద్ద నుండవలెను. అలుగువంటి ప్రాణులు మసలు చోటులను బయటకు పొక్కనీయరాదు. దొంగవేటకాండ్రకు మనమే దారి చూపినట్లగును.

ఇందులకగు వ్యయము స్వల్పము. వేసవిలో కొండగాలికై అరకునకుపోవు మన గృహస్థులు విడుదులకిచ్చు రూకలలో ఒకపాలు ఒక పల్లె లెక్కకు చాలును. వచ్చు వైశాఖమునకు అట్టి దస్త్రమొక్కటి అనంతగిరి పల్లెలలో నొకదానియందైనను తెఱువబడునేని, ఆ కొండలకు కొత్త పథకము వచ్చిన దినమున చూపుటకు చేతిలో ఏదియో యుండును. నేడు ఏమియు లేదు.