బాలింతకు నిద్ర కూడా పథ్యమే

ఇటీవల మేమొక ఇంటికి బిడ్డను చూడబోయాము. "పాలు చాలడం లేదు అయ్యగారూ, రాత్రంతా ఏడుపే" అని తల్లి కన్నీరు పెట్టుకుంది. "ఓర్చుకో అమ్మా" అన్నాము. అది చాలని మాట.

పసిబిడ్డ పొట్ట చిన్నది. రోజుకు 8 నుండి 12 సార్లు పాలడగడం సహజమే. మొదటివారం దాటాక రోజుకు 6 సార్లయినా గుడ్డ తడిపి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. రొమ్ము గట్టిపడి జ్వరం వస్తే, పాలు మాన్పకుండానే డాక్టరుకు చూపించాలి. దిగులు రెండు వారాలు దాటినా చెప్పాలి. పథ్యమని తల్లికి మంచినీళ్లు తగ్గించకండి.

భర్తలారా, మనం పాలివ్వలేము. గుడ్డలు ఉతకగలం, బిడ్డను భుజాన వేసుకోగలం.

మేము మరల వెళ్లేసరికి వరండాలో భర్త భుజాన బిడ్డ. లోపల తల్లి నిద్రపోతోంది. మెల్లగా ప్రార్థించి వచ్చేశాము.