గుమ్మం దాకా వచ్చే వైద్యం

మంచం పట్టిన మనిషికి ఆసుపత్రి ఎంత దూరమన్న ప్రశ్నకు మైళ్లలో జవాబు దొరకదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వీధి చివరనే ఉండవచ్చు. అయినా పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన వృద్ధుణ్ణి అక్కడికి చేర్చాలంటే ఎత్తి ఆటోలో కూర్చోబెట్టటానికి ఇద్దరు మనుషులు కావాలి. రానూ పోనూ కిరాయి ఇవ్వాలి. తోడు వెళ్లే కోడలికి ఆనాటి కూలి పోతుంది. అక్కడ ఇచ్చే మందులు ఉచితమే. కాని ఆ ఉచిత వైద్యాన్ని అందుకోవటానికి అయ్యే ఖర్చు ఆ ఇంట రెండు మూడు రోజుల తిండి ఖర్చును మింగివేస్తుంది. అందుచేత మొదటి రెండుసార్లు తీసుకొని వెళతారు, మూడోసారి మానుకుంటారు. ఆ తరువాత నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి.

ఇటువంటివారిని ప్రభుత్వాలు బొత్తిగా మరచిపోయాయని అనటం న్యాయం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అరవై ఏళ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వికలాంగులుగా నమోదైనవారు 2 కోట్ల 68 లక్షలు. నిరుపేద వృద్ధుల పింఛనులో కేంద్రం తన వాటాగా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 నిండినవారికి 500 రూపాయలు ఇస్తుంది; తీవ్ర వైకల్యం గల పేదలకు 300. ఈ మొత్తాలు ఏ మూలకు వస్తాయన్నది వేరే చర్చ. రాష్ట్రాలు తమ వాటా తాము కలుపుతాయి. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ బీమా వర్తిస్తున్నది. అయితే ఆ బీమా పనిచేసేది మనిషి ఆసుపత్రిలో చేరిన తరువాత. ఇంట్లో మంచం మీద ఉన్నవాడి పుండు కడగటానికి ఆ కార్డు ఉపయోగపడదు.

పింఛను ఒక శాఖ ఇస్తుంది, వైకల్య ధ్రువపత్రం మరొక శాఖ, మందులు ఇంకొక శాఖ. వీటన్నిటినీ తెచ్చి ఒక మంచం దగ్గర కలిపే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు దేశంలో ఒక రాష్ట్రం, తడబడుతూనే అయినా, స్పష్టమైన జవాబు చెప్పింది. గ్రామ పంచాయతీది, పట్టణంలో మునిసిపాలిటీది అన్నది కేరళ.

ఈ జవాబు సచివాలయంలో పుట్టినది కాదు. 1993లో కోళిక్కోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ ప్రభృతులు ఒక చిన్న సంఘం స్థాపించారు. నయం కాని క్యాన్సరుతో బాధపడేవారికి నొప్పి తగ్గించటమే దాని ఉద్దేశం. త్వరలోనే వారికి ఒక విషయం అర్థమైంది. ఆసుపత్రి దాకా రాగలిగినవారి కంటే రాలేనివారే ఎక్కువ. పైగా నొప్పితోపాటు ఆ ఇంట ఆకలి ఉంటుంది, పిల్లల చదువు ఆగిపోయి ఉంటుంది, పలకరించేవారు లేని ఒంటరితనం ఉంటుంది. వీటిలో వైద్యుడు తీర్చగలిగినవి కొన్నే. మిగిలినవి ఇరుగుపొరుగు తీర్చవలసినవి.

2001 ప్రాంతంలో మలప్పురం, దాని పరిసర జిల్లాలలో ఈ ఇరుగుపొరుగును ఒక పద్ధతి ప్రకారం కూడగట్టే ప్రయత్నం మొదలైంది. వారానికి కనీసం రెండు గంటలు కేటాయించగలిగినవారు ఎవరైనా చేరవచ్చు. వారికి పదహారు గంటల పాఠాలు, నాలుగు రోజులు రోగుల మధ్య అనుభవం. ఉపాధ్యాయులు, దుకాణదారులు, గృహిణులు, విద్యార్థులు వచ్చి చేరారు. చిన్న చిన్న చందాలతోనే చాలా సంఘాలు నడిచాయి. మలప్పురం గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన కుటుంబాల జిల్లా. ఇల్లు పెద్దదిగా కట్టి, లోపల ముసలి తల్లి ఒక్కతే మిగిలిన దృశ్యం అక్కడ కొత్త కాదు. అందువల్ల ఈ ఉద్యమం కేవలం పేదల పట్ల దయగా గాక, ఎవరి ఇంటికైనా రాగల అవస్థకు ముందుజాగ్రత్తగా ప్రజలకు తోచి ఉండవచ్చు.

ఇంతవరకు స్వచ్ఛంద సేవ. స్వచ్ఛంద సేవకు ఒక సహజమైన లోటు ఉంది. ఉత్సాహవంతులున్న ఊరిలో అది బ్రహ్మాండంగా సాగుతుంది. వారు లేని పక్క ఊరిలో దాని జాడ కూడా ఉండదు. రోగి ఏ ఊరిలో పుట్టాడన్న దాన్ని బట్టి అతని పుండు మానటమో మానకపోవటమో నిర్ణయమైపోతుంది. ప్రతి ఊరికీ తప్పనిసరిగా చేరాలంటే ప్రతి ఊరిలోనూ ఉన్న వ్యవస్థ ఒకటి కావాలి.

రాజ్యాంగానికి 1992లో చేసిన 73వ సవరణ పదకొండవ షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీల పరిధిలోకి తేదగినవిగా పేర్కొన్నది. వాటిలో ఆరోగ్యం ఉంది. వికలాంగుల సంక్షేమం కూడా ఉంది. చాలా రాష్ట్రాలలో ఆ జాబితా కాగితం మీదనే మిగిలింది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరిట రాష్ట్ర ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించ పూనుకున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను గ్రామ పంచాయతీలకు బదిలీ చేసింది. అంటే పంచాయతీ అధ్యక్షుడు వైద్యుణ్ణి పిలిచి, 'మా తొమ్మిదో వార్డులో ఆ మంచాన పడిన ఆవిడ సంగతేమిటి?' అని అడిగే హక్కు వచ్చింది. 2007లో మలప్పురం జిల్లా పంచాయతీ 'పరిరక్ష' పేరుతో గృహ చికిత్సా పథకం చేపట్టింది. 2008 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన చికిత్సా విధానాన్ని ప్రకటించింది. అటువంటి విధానం ప్రకటించిన మొదటి భారతీయ రాష్ట్రం అదే. క్రమంగా రాష్ట్రంలోని 941 గ్రామ పంచాయతీలకూ ఈ పని విస్తరించింది. 2019లో ఆ విధానాన్ని సవరించారు.

ఉపశమన చికిత్స అన్న మాట దగ్గర క్షణం ఆగటం మంచిది. ఇంగ్లీషులో దీనికి వాడే 'పాలియేటివ్' అన్న పదం లాటిన్‌లో పై వస్త్రం, ఉత్తరీయం అన్న అర్థం గల మాట నుంచి వచ్చింది. రోగం పోగొట్టలేకపోయినా రోగికి ఒక దుప్పటి కప్పటం అన్నమాట. కేరళ పల్లెలలో ఈ వ్యుత్పత్తితో ఎవరికీ పని లేదు. అనువాదకులు తంటాలు పడి కూర్చిన దేశీయ పదాలను పక్కన పెట్టి, 'పాలియేటివ్ వాళ్లు వచ్చారు' అని చక్కగా చెప్పుకుంటారు. అర్థమూ విస్తరించింది. మొదట క్యాన్సరు రోగులకు పరిమితమైనది ఇప్పుడు పక్షవాతం, వెన్నుపూస దెబ్బతిని కాళ్లు పడిపోవటం, మూత్రపిండాల వ్యాధి, చిత్త చాంచల్యం, ఒట్టి వార్ధక్యం వరకు వ్యాపించింది.

పని జరిగే తీరు చాలా సాదాగా ఉంటుంది. పంచాయతీ ప్రతి ఏటా తన ప్రణాళికలో దీనికి కొంత సొమ్ము కేటాయిస్తుంది. దానిని ఖర్చు చేసే అధికారి ఆరోగ్య కేంద్రం వైద్యుడు. ఆ సొమ్ముతో ఒక నర్సును నియమిస్తారు. ఆమె మామూలు నర్సు శిక్షణకు తోడు ఇళ్లలో ఉపశమన సేవ చేయటంలో మూడు నెలల ప్రత్యేక శిక్షణ పొంది ఉంటుంది. ఒక వాహనం అద్దెకు తీసుకుంటారు. ఏ ఇంట ఎవరు మంచం పట్టారో ఆశా కార్యకర్తకు, వార్డు సభ్యుడికి, కుటుంబశ్రీ మహిళలకు తెలుసు. వారు చెప్పగా జాబితా తయారవుతుంది. నర్సు వెంట ఆశా కార్యకర్తో, స్వచ్ఛంద సేవకుడో, ఒక్కొక్కసారి వార్డు సభ్యుడో వెళతారు.

ఆ ఇంటిలో ఆమె చేసే పనులు వీరోచితమైనవి కావు. మూత్రం గొట్టం మారుస్తుంది. పుండు కడిగి కట్టు కడుతుంది. దుర్వాసన వేస్తున్న పుండు మీద మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లుతుంది. ఆ మాత్ర ఖరీదు అత్యల్పం. కాని దుర్వాసన పోతే ఇంట్లో మనుమలు మళ్లీ ఆ గదిలోకి వస్తారు. రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని, ఎలా తిప్పాలో కోడలికి చేసి చూపిస్తుంది. నీటి పరుపు అవసరమైతే కేంద్రం నుంచి తెప్పిస్తుంది. దాని అవసరం తీరినప్పుడు అది మరొక ఇంటికి వెళుతుంది. నర్సు వల్ల కాని పరిస్థితి ఏర్పడితే తాలూకా ఆసుపత్రిలోని పై అంచె బృందానికి, ఆ పైన పెద్ద ఆసుపత్రికి కబురు పంపుతుంది. పింఛను ఆగిపోయిందని ఇంటివారు చెబితే ఆ మాట వార్డు సభ్యుడి చెవిన పడుతుంది. ఇదే ముఖ్యం. ఆరోగ్య శాఖ ఉద్యోగి ఒక్కరే వెళ్లి ఉంటే ఆ మాట అక్కడే ఆగిపోయేది.

నొప్పి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చిన తరువాత దేశంలో మార్ఫిన్ తెచ్చుకోవటం వైద్యులకు దుర్లభమైంది. ఒక్కొక్క అనుమతికి అనేక కార్యాలయాలు తిరగవలసి వచ్చేది. ప్రపంచానికి నల్లమందు పండించి ఇచ్చే దేశంలోనే క్యాన్సరు రోగులు నొప్పితో కేకలు వేస్తూ చనిపోవటం ఒక విషాదకర వైపరీత్యం. కేరళ గత శతాబ్దాంతంలో తన నిబంధనలను సడలించింది. కేంద్ర చట్టం సవరణకు 2014 దాకా ఆగవలసి వచ్చింది. 2010లో ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ నలభై దేశాలలో మరణకాలపు సేవలను పోల్చి చూసినప్పుడు భారత్‌కు దక్కినది చిట్టచివరి స్థానం. అదే నివేదిక కేరళను మినహాయింపుగా పేర్కొన్నది.

అంతమాత్రాన ఆ రాష్ట్రంలో అంతా సవ్యంగా ఉందనుకోరాదు. నెలకొకసారి వచ్చే నర్సు నెలలో మిగిలిన రోజుల మాటేమిటి? ఆ భారం ఇంటి ఆడవారి మీదనే పడుతుంది. నర్సులలో చాలామంది కాంట్రాక్టు మీద స్వల్ప వేతనానికి పనిచేస్తారు. అధ్యక్షుడికి శ్రద్ధ ఉన్న పంచాయతీకీ, రోడ్లూ భవనాలే అభివృద్ధి అనుకునే పంచాయతీకీ మధ్య తేడా కొట్టవచ్చినట్లు ఉంటుంది. ప్రభుత్వ నర్సు రావటం మొదలైన తరువాత కొన్ని చోట్ల స్వచ్ఛంద సేవకులు వెనుకకు తగ్గటం, మరికొన్ని చోట్ల ఒకే ఇంటికి ఇద్దరూ వెళ్లి పక్క ఇంటికి ఎవరూ వెళ్లకపోవటం కూడా జరగకపోలేదు. ప్రభుత్వ బృందాలనూ స్వచ్ఛంద సంఘాలనూ ఒకే వలయంలోకి తెచ్చే ప్రయత్నం ఇటీవలిదే. ఉద్యమాన్ని పథకంగా మార్చినప్పుడు దానికి ప్రతి ఊరికీ చేరే కాళ్లు వస్తాయి. పలకరించే నోరు కొంత మూగబోతుంది. ఈ బేరంలో లాభమే ఎక్కువని, అంతకు ముందు ఎవరూ రాని ఊళ్లవారిని అడిగితే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తెలంగాణలో 'ఆలన' పేరిట వాహనాలు ఇళ్లకు వెళ్లి రోగులకు ఉపశమన చికిత్స అందించే ఏర్పాటు ఉంది; అయితే అది ఆసుపత్రి నుంచి బయలుదేరే సేవ, పంచాయతీ నుంచి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000 రూపాయలు; పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. సచివాలయ ఉద్యోగి నెల మొదట ఆ సొమ్ము ఇంటి దగ్గరే చేతికి ఇస్తాడు. కేంద్రం ఇచ్చే 200 రూపాయలతో పోలిస్తే ఇది ఎంతో పెద్ద మొత్తం. గ్రామానికి వైద్యుడు వచ్చి, మంచాన ఉన్నవారిని ఇంటికి వెళ్లి చూసే పథకం కూడా అక్కడ 2023లో మొదలైంది.

అంటే కేరళ పంచాయతీలు ఆశా కార్యకర్తలను అడిగి కూడబెట్టుకున్న జాబితా ఆంధ్రప్రదేశ్‌లో పింఛను రిజిస్టరు రూపంలో సిద్ధంగా ఉంది. మంచం పట్టినవారెవరో, వారి ఇల్లు ఏ వీధిలో ఉందో సచివాలయానికి తెలుసు. ప్రతి నెలా ఒక ఉద్యోగి ఆ మంచం పక్కన నిలబడుతున్నాడు. ఏ.ఎన్.ఎం. కూడా అదే సచివాలయానికి చెందిన ఉద్యోగిని. కాని ఆరోగ్య కేంద్రం అక్కడ పంచాయతీకి జవాబుదారీ కాదు. వేలిముద్ర తీసుకొని డబ్బు లెక్కపెట్టి ఇచ్చే ఆ ఉద్యోగికి గదిలోని వాసన తెలియకుండా పోదు. ఆ సంగతి పక్క బల్ల దగ్గర కూర్చునే ఏ.ఎన్.ఎం.కు చెప్పటం అతని విధులలో లేదు. విని వెళ్లి ఆ కట్టు మార్చిందా లేదా అని ఆమెను అడగటం సర్పంచి విధులలో లేదు.