తిన్నావా అని అడగని చదువు

మిరప కోతల్లో పొద్దు పదిన్నరకు ఒక అక్కకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరిగి కూలబడుతుంది. ఎండదెబ్బ అంటారు అందరూ. నీడకు చేర్చి నీళ్లు చల్లుతారు. షుగరుకని గ్లిమిపిరైడ్ మాత్ర మింగి, ఏమీ తినకుండా చేనుకొచ్చిన సంగతి ఎవరూ అడగరు. తిండి లేకుండా వేసుకుంటే రక్తంలో చక్కెరను మరీ పడగొట్టే మందు అది. తెలివి ఉండగానే చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకుంటుంది. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికి మోసుకుపోవాల్సిందే.

ఫార్మసీ చదివే పిల్లలకు ఇది తెలియదా? తెలుసు. పరీక్షలో రెండు పేజీలు రాస్తారు. కానీ మందుల కిటికీ దగ్గర నిలబడ్డ మనిషిని "పొద్దున ఏం తింటావమ్మా, ఎన్నింటికి పనికి పోతావు?" అని అడగడం వాళ్లకు ఎవరు నేర్పారు? మూడు పూటలా తిన్నాక వేసుకో అంటారు. రెండు పూటలు తినే కూలీకి మూడో మాత్ర ఏ పూటది?

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2008లో ఫార్మ్.డి. కోర్సు వచ్చింది. అయిదేళ్ల చదువు, ఆరో ఏడు ఆసుపత్రిలో శిక్షణ. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్ వార్డులోనే. డి.ఫార్మసీ వాళ్లకు 500 గంటల శిక్షణ. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలయితే మందు ఎట్లా వాడాలో, ఏ చెడు చేయొచ్చో, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో రోగికి చెప్పాలన్నాయి. మీ ఊరి మందుల షాపులో ఎన్నిసార్లు చెప్పారో మీకే తెలుసు.

వార్డులో కేసు షీటు ఎత్తి రాసుకోవడమే శిక్షణా? ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలని పుస్తకం చెబుతుంది. ఫ్రిజ్ లేని రేకుల ఇంట్లో? వాడుతున్న సీసా నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు గానీ మన మే నెల వేడికి ఆగదు. తడి తగలని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక కుండలో, నీడన ఉంచమని చెప్పగలగాలి. చదివిన చదువు పనికొచ్చేది అక్కడ. టీబీకి రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. ఆ ఒక్క మాట ముందే చెప్పకపోతే రక్తం పడుతోందని భయపడి ఆరు నెలల మందు వారానికే మానేస్తాడు మనిషి. అట్లా మానితే మందుకు లొంగని టీబీ పుట్టొచ్చు.

అందుకే మేమడిగేది, పరీక్ష రోగి మంచం పక్కన పెట్టండి. విద్యార్థి చెప్పింది రోగి తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే మార్కులు తగ్గాల్సింది విద్యార్థికి. ఇంగ్లీషులో నేర్చిన మందును తెలుగులో చెప్పడం కూడా పాఠమే. ఇందులో వాడల నుంచి పోయిన మన పిల్లలు ముందుండాలి. పొద్దున గంజి తాగి పనికి పోయే ఇల్లు ఎట్లా ఉంటుందో వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. (తెల్లకోటు తొడగ్గానే కొందరికి ఇంటి మాట నామోషీ అవుతుంది, అది వేరే సంగతి.)

ఈ సెలవుల్లో ఫార్మసీ చదివే పిల్లలు ఇంటికొస్తే కార్యకర్తలు వాళ్లను వాడలో కూర్చోబెట్టండి. షుగరు, బీపీ, ఫిట్సు ఉన్నవాళ్లు మందుల సంచులు తెచ్చి ముందు పెట్టండి. ఏది ఎందుకు, ఏ పూట, తిన్నాకా తినకముందా అని అడగండి. మందు మార్చేది డాక్టరే, పిల్లలు కాదు. అనుమానం వచ్చినవి చీటీ మీద రాయించుకుని పి.హెచ్.సి.కి పట్టుకుపోండి.