పని ఆపే హక్కు ఎవరిది?

2025 ఫిబ్రవరి 22 పొద్దున దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాల్వ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల నీళ్లు, బురద, రాళ్లు కలిసి మీద పడ్డాయి. చాలామంది పరుగెత్తి బయటపడ్డారు. ఎనిమిది మంది రాలేదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మార్చిలో ఇద్దరి మృతదేహాలు దొరికాయి. ఏప్రిల్‌లో గాలింపు ఆపేనాటికి ఆరుగురి జాడ లేదు.

ఆ సొరంగం మా నల్లగొండ కోసం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మర్రిగూడ కోసం, మునుగోడు కోసం. దాదాపు 44 కిలోమీటర్లు తవ్వితే కృష్ణ నీళ్లు కరెంటు ఖర్చు లేకుండా వాటంతటవే పారి వస్తాయి. అది పూర్తికాకనే ఇన్నేళ్లుగా పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి నాగార్జునసాగర్ నీళ్లు ఎత్తిపోసుకుంటున్నాం. కాబట్టి ఆ సొరంగం వద్దనే నోరు నాకు లేదు. కానీ మా దప్పికను అడ్డం పెట్టుకొని ఎవరైనా లెక్క తప్పించుకోవాలని చూస్తే మాత్రం ఊరుకునేది లేదు.

ఏళ్ల తరబడి ఆగిన పని ఆ కూలుడుకు కొద్ది రోజుల ముందే మళ్లీ మొదలైంది. అక్కడ నేల బలహీనంగా ఉందని, నీటి ఊట ఉందని 2020 నాటి సర్వేలోనే తేలిందని తర్వాత పత్రికలు రాశాయి. పైన అమ్రాబాద్ పులుల అడవి. అందుకని సొరంగం మధ్యలో పక్కదారి గానీ, పైనుంచి బావి గానీ లేదు. పోయిన దారిలోనే రావాలి. పులిని కాపాడటం న్యాయమే. ఆ న్యాయానికి కట్టే ధర కూలీ ప్రాణమైనప్పుడు, పైనుంచి దారి లేనందుకు లోపల రెండింతలు జాగ్రత్త పడాలన్న బుద్ధి ఎవరికి ఉండాలి?

సైన్యం వచ్చింది, నౌకాదళం వచ్చింది, ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది, సింగరేణి రెస్క్యూ జట్టు వచ్చింది. 2023లో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 17 రోజులు చిక్కుకున్న 41 మందిని బయటికి తీసిన ర్యాట్ మైనర్లూ వచ్చారు. కేరళ పోలీసుల కుక్కలు వచ్చాయి. మంత్రులు వచ్చారు, కెమెరాలు వెంట వచ్చాయి. చివరికి కొన్ని పదుల మీటర్లు మిగిలాయి. ఇంకా తవ్వితే వెతికేవాళ్ల మీదే పైకప్పు పడుతుందని నిపుణులు చెప్పారు. ఆపేశారు. మంచి పని చేశారు. పోయిన ప్రాణాల కోసం ఉన్న ప్రాణాలను పణం పెట్టొద్దన్నది సరైన మాటే.

నా మంట వేరు. ఏప్రిల్‌లో అంత సులువుగా నోటికొచ్చిన ఆ మాట ఫిబ్రవరిలో ఎందుకు రాలేదు? అదే నేల, అదే ఊట. గాలింపు ఆపితే ఎవరి బిల్లూ ఆగదు. పని ఆపితే ఆగుతుంది. తేడా అంతే, ఇందులో దురదృష్టాన్ని ఇరికించకండి.

ఊట పెరిగిందని మొట్టమొదట తెలిసేది కాళ్లు తడిసినవాడికి. వాడు ఎవరికి చెప్పాలి? మేస్త్రికి. మేస్త్రి సబ్ కాంట్రాక్టరుకు, ఆయన సైటు ఇంజినీరుకు, ఆయన ప్రాజెక్టు మేనేజరుకు, ఆయన హైదరాబాదుకు. మాట ఒక్కో మెట్టూ ఎక్కేకొద్దీ భయం తగ్గి ఖర్చు పెరుగుతుంది. కింద “కూలుతదేమో” అన్నది పైకి పోయేసరికి “కొంత ఆలస్యం కావచ్చు” అవుతుంది. పైవాడు ఆలస్యాన్ని ఒప్పుకోడు. కిందివాడు ఎదురు చెప్పలేడు. అడ్వాన్సు తీసుకున్నాడు, ఊరు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంది, షిఫ్టుకు పోకపోతే కూలి లేదు. “నీ బాంచెన్ కాల్మొక్త” కాలం పోయిందని మనం మీటింగుల్లో చెప్పుకుంటాం. గడీలు కూలాయి గానీ నోరు మూయించే పద్ధతి సైటు ఆఫీసుల్లో బతికే ఉంది.

ఈ సంగతి ఆ సొరంగం కూలిన పాలమూరు గడ్డకు ఒకరు చెప్పాలా? దేశంలో డ్యాములు, కాల్వలు, రోడ్లు కట్టిన పాలమూరు లేబర్ ఈ మట్టి బిడ్డలే. వానలు వెనకబడగానే గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతే, ఇంటి తలుపుకు తాళం, ముసలమ్మ ఒళ్లో పసిపిల్ల. “పైలం బిడ్డా” అని పంపేవాళ్లు. పైలంగా ఉండే బాధ్యతంతా కూలీదే, పైవాళ్ల మీద ఏమీ లేదు. ఇప్పుడు జార్ఖండ్ తల్లి కొడుకును మన దగ్గరికి అలాగే పంపింది. మనవాళ్లు పరాయి సైట్లలో పడ్డది మన గడ్డ మీద వాళ్లకు పెట్టాం. వలస కార్మికుల కోసం 1979లో ఒక చట్టం చేశారు, 2025 దాకా అది అమల్లో ఉంది. ఇల్లు వదిలినందుకు భత్యం, దారి ఖర్చులు ఇవ్వాలన్నారు. నచ్చిన లేబర్ క్యాంపుకు పోయి అడిగి చూడండి, ఆ భత్యం పేరు విన్నవాడు కనిపిస్తే నాకూ చెప్పండి.

హైదరాబాదు హోటళ్లలో నాయకత్వ శిక్షణ శిబిరాలు నడుస్తుంటాయి. మనిషే ముఖ్యమని, మనమంతా ఒక కుటుంబమని, తెరమీద నవ్వే ముఖాలు. ఇవన్నీ వద్దు గానీ, ఒక్కటి చెప్పండి: మీ కింద అందరికన్నా తక్కువ జీతగాడు “ఆపండి” అంటే పని ఆగుతుందా? జపాన్‌లో టయోటా కర్మాగారంలో లైను మీద పనిచేసేవాడు తాడు లాగి లైను ఆపించగలడు. కారుకు ఒక బోల్టు సరిగా పడలేదని అనుమానమొస్తే చాలు. ఇక్కడ కొండ కింద మనిషికి ఆ తాడు లేదు. తక్షణ ప్రమాదం ఉందని నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ని శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 155వ ఒప్పందంలో రాసింది. అది దానధర్మాల జాబితాలోది కాదు.

మిగిలిన సొరంగాన్ని ఇక డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో తవ్వుతారట. నేల లోపల ఏముందో చూడటానికి 2025 నవంబరులో హెలికాప్టర్ సర్వే మొదలుపెట్టారు. ఎనిమిది మంది పోయాక ఆకాశం నుంచి చూడాలన్న ఆలోచన వచ్చింది, సంతోషం. మళ్లీ మొదటి షిఫ్టు లోపలికి పోయేముందు మాత్రం కాంట్రాక్టు కాగితంలో ఒక షరతు చేర్చండి: భయమేసి పని ఆపిన షిఫ్టుకు కూలి ఎవరిస్తారు, ఎన్నాళ్లలో ఇస్తారు, ఆపినవాణ్ని మర్నాడు తీసేస్తే శిక్ష ఎవరికి. దాన్ని హిందీలో రాసి సొరంగం ముఖద్వారం దగ్గర అంటించండి. అది చేతకాకపోతే, అక్కడ భద్రతే ప్రథమమని వేలాడదీసిన బోర్డు దింపేయండి.