అయిదోవాడు

పిల్లలూ,

క్రిందటి నెల మాచర్ల వైపు నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. ఒకే కాగితం మీద రెండు చేతివ్రాతలున్నాయి. పైన పదో తరగతి కుర్రవాడు వ్రాశాడు: "మాస్టారూ, నేను బాస్కెట్‌బాల్ బాగా ఆడతాను. విదేశాలకు వెళ్ళి జీతానికి ఆడాలని ఉన్నది. అది కుదిరే పనేనా?" కింద వాళ్ళ నాన్నగారు వ్రాశారు: "ఆట కూడు పెడుతుందా అండీ? మీరైనా వాడికి చెప్పండి."

ఇద్దరికీ కలిపి జవాబు వ్రాస్తున్నాను. మీరూ వినండి.

ముందు బాస్కెట్‌బాల్ సంగతి. ఆ ఆటను కనిపెట్టినవాడు ఒక మాస్టారే. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో విద్యార్థులను కప్పు కింద ఆడించటం ఎట్లాగా అని ఆలోచించాడు. రెండు పీచ్ పళ్ళ బుట్టలు తెప్పించి, పది అడుగుల ఎత్తున కట్టించాడు. బుట్టలకు అడుగు ఉండేది గనక, బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి తీయవలసి వచ్చేది! ఇప్పుడు ఒక్కొక్క పక్షాన అయిదుగురు ఆడతారు. జట్టులో మిగిలినవాళ్ళు పక్కన బెంచీ మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తూ ఉంటారు. ఆ బెంచీని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అక్కడికే వస్తాం.

పంజాబులో బల్లోకే అనే పల్లెటూరి రైతు బిడ్డ సత్నాం సింగ్. 1995లో పుట్టాడు. ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. 2010లో, ఇంకా పదిహేనేళ్ళు నిండకుండానే, ఆట నేర్చుకోవటానికి అమెరికా వెళ్ళాడు. 2015లో డల్లాస్ మావెరిక్స్ అనే పెద్ద జట్టు అతణ్ణి ఎంపిక చేసుకున్నది. ఇండియాలో పుట్టినవాడికి అమెరికా వాళ్ళ పెద్ద లీగులో ఆ గౌరవం దక్కటం అదే మొదలు. కాని ఆ పెద్ద లీగులో అతను ఒక్క ఆట కూడా ఆడలేదు. కింది లీగులోని టెక్సాస్ లెజెండ్స్ జట్టులో ఆడాడు. తరవాత కుస్తీ ప్రదర్శనలలోకి వెళ్ళాడు. చూశారా! నిచ్చెన ఎక్కటం వేరు, బుట్టలో బంతి వేయటం వేరు.

ఇక మన వైపు వస్తాను. 2022 ఏప్రిల్ దాకా మన పల్నాడు గుంటూరు జిల్లాలోదే గదా. ఆ గుంటూరులో 1986 మే 10న పెంటల హరికృష్ణ పుట్టాడు. అతని ఆట చదరంగం. ఆట వేరయినా, ఊరు విడిచి, దేశదేశాలు తిరిగి, ఆటతోనే బ్రతకటం మాత్రం ఒకటే.

పదేళ్ళ వయసులో, 1996లో, స్పెయిన్‌కు చెందిన మినోర్కా దీవిలో జరిగిన పోటీలో అతను పదేళ్ళ లోపు పిల్లలలో ప్రపంచ విజేత అయినాడు. 2001లో, పదిహేనేళ్ళకు, గ్రాండ్‌మాస్టర్ అయినాడు. 2004లో కొచ్చిలో జూనియర్ల ప్రపంచ పోటీ గెలిచాడు. 2011లో ఆసియా విజేత. 2016 చివరలో ప్రపంచం మొత్తం మీద మొదటి పదిమందిలోకి వచ్చాడు. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తరవాత అంత ఎత్తుకు వెళ్ళిన మొదటివాడతనే. ఆటల కోసం యూరప్ అంతా తిరిగి, చివరకు ప్రేగ్ నగరంలో కాపురం పెట్టాడు.

ఈ ఉద్యోగం ఎట్లా ఉంటుందో చెబుతాను. నెలయ్యేసరికి జీతం ఇచ్చే కచేరీ అంటూ ఏదీ లేదు. పోటీలలో గెలిస్తే బహుమతి. జర్మనీ వంటి దేశాలలో క్లబ్బులకు చదరంగపు లీగులున్నాయి. అక్కడ ఒక్కొక్క జట్టుకు ఎనిమిది మంది బల్లల ముందు కూర్చుంటారు. పెద్ద క్లబ్బులు పరదేశాల ఘనులను కూడా డబ్బిచ్చి పిలిపించుకుంటాయి. హరికృష్ణ కూడా అట్లా ఆడినవాడే. ఒక్కొక్క ఆట నాలుగయిదు గంటలు సాగుతుంది. మళ్ళీ పెట్టె సర్దుకుని ఇంకో ఊరు.

పైగా ఆటగాడికి ఒక అంకె ఉంటుంది. దాన్ని రేటింగు అంటారు. ఇద్దరి రేటింగూ సమానమైతే, నూరు ఆటలలో చెరి 50 పాయింట్లు రావాలని లెక్క. ఒకరికి 200 ఎక్కువ ఉంటే, అతనికి సుమారు 76 రావాలి. రావలసినదానికంటె ఎక్కువ తెచ్చుకుంటే అంకె పెరుగుతుంది, తక్కువయితే తరుగుతుంది. హరికృష్ణ రేటింగు 2016 డిసెంబరులో 2770. మీకు పరీక్షలు ఏడాదికి రెండు మూడు; అతనికి ప్రతి ఆటా పరీక్షే, పైగా మార్కులు ప్రపంచమంతా చూస్తుంది.

ఇప్పుడు బెంచీ దగ్గరకు వద్దాం.

2024 సెప్టెంబరులో హంగరీ రాజధాని బుడాపెస్టులో చదరంగపు ఒలింపియాడ్ జరిగింది. అందులో జట్టుకు అయిదుగురు. కాని ఏ రోజున అయినా ఆడేది నలుగురే. మన జట్టులో గుకేశ్‌కు 18 ఏళ్ళు, ప్రజ్ఞానందకు 19, మన వరంగల్లు అర్జున్ ఎరిగైసికి 21, విదిత్ గుజరాతీకి 29. హరికృష్ణకు 38. అతను అయిదోవాడు. పదకొండు రౌండ్లలో అతనికి దక్కినవి మూడు ఆటలు. ఒకప్పుడు ప్రపంచంలో పదోవాడుగా ఉన్న మనిషి, తనకంటె ఇరవయ్యేళ్ళు చిన్నవాళ్ళు ఆడుతూ ఉంటే, ఎనిమిది రౌండ్లు పక్కన ఉన్నాడు!

ఆ జట్టు పది పోటీలు గెలిచి, ఒకటి సమం చేసి, స్వర్ణ పతకం తెచ్చింది. ఒలింపియాడ్‌లో బల్లల ముందు ఎదురెదురుగా కూర్చుని ఆడి మన దేశం స్వర్ణం గెలవటం అదే మొదటిసారి. అప్పుడే మన ఆడపిల్లల జట్టూ గెలిచింది. అందులో గుంటూరు ద్రోణవల్లి హారిక ఉన్నది. అయిదోవాడికీ మిగతా నలుగురితో సమానంగానే పతకం వచ్చింది.

మూడు నెలలకు, డిసెంబరులో, సింగపూరులో గుకేశ్ చైనావాడైన డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయినాడు. 14 ఆటలలో 7.5 – 6.5 తేడా. గెలిచిన తరవాత గుకేశ్ తన వెనుక ఉండి ఎత్తులు సిద్ధం చేసి ఇచ్చినవారి పేర్లు బయటపెట్టాడు. అందులో హరికృష్ణ పేరున్నది. ఆ పోటీ జరిగినన్నాళ్ళూ లోకానికి ఆ సంగతి తెలియదు.

పోనీ, అతని ఆట అయిపోయిందా అంటే అదీ లేదు. 2025 నవంబరులో గోవాలో జరిగిన ప్రపంచ కప్పులో చివరి 16 మందిలో ఒకడుగా నిలిచాడు.

ఇక నాన్నగారికి జవాబు. అయ్యా, ఆట కూడు పెడుతుంది; కాని బహు కొద్దిమందికి, అదీ బహు కొద్దికాలం. పల్నాటివారికి నేను చెప్పాలా? ఒక్క కోడి కాలి మీద రాజ్యం ఒడ్డి, ఓడి, ఏడేళ్ళు అడవుల పాలైన కథ మన ముసలివాళ్ళందరికీ తెలుసు. బిడ్డ చదువును ఆ విధంగా పందెం ఒడ్డవద్దు. కాని ఒడ్డవద్దు అంటే ఆడనివ్వవద్దు అని కాదు. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉండగా, సంక్రాంతి దాటగానే పదో తరగతికి ఆటల పీరియడ్ తీసివేసి లెక్కలు చెప్పించేవాణ్ణి. దానివల్ల ఒక్కడికైనా అదనంగా నాలుగు మార్కులు వచ్చాయో లేదో చెప్పలేను. ఎంతమంది మైదానం మరిచిపోయారో మాత్రం ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. సాయంత్రం ఒక గంట వాణ్ణి ఆడుకోనివ్వండి. ఆ గంట మీది కాదనుకోండి.

అబ్బాయీ, నీకు ఒక్కటే ప్రశ్న. "బాగా ఆడతాను" అన్నావు, సంతోషం. మీ జట్టు ఆడుతూ ఉండగా నిన్ను బెంచీ మీద కూర్చోబెడితే, నీ మనసు ఆట మీద ఉంటుందా, నీ మీద ఉంటుందా? ఈ ప్రశ్నకు ఇవాళే జవాబు రాదు. నాలుగుసార్లు కూర్చుని చూడు. ఆ బెంచీ మీద నుంచి కూడా ఆట చూడబుద్ధి అయితే, నీకు ఆట అంటే నిజంగా ఇష్టమన్నమాట. అప్పుడు విదేశాల సంగతి మాట్లాడుకుందాం.

సంగతి తేలాక మళ్ళీ ఉత్తరం వ్రాయి. ఈసారి కూడా నాన్నగారూ నువ్వూ ఒకే కాగితం మీద వ్రాయండి.